మూడో గేరులో మూలుగు

ఫిబ్రవరి 18, 2001. ఆదివారం

ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు ఆయనకిచ్చిన డైరీ ఇది. ఆయన రాయరు. నేను ఏడో తరగతి దాకా చదివాను. నేనైనా రాస్తాను. పైకి చెప్పుకోలేనివి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

మధ్యాహ్నం ఆయన గుడివాడ నుంచి వచ్చారు. కాళ్ళయినా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "రాజకుమారి ఎంత బాగుందనుకున్నావ్! చూడగానే మనసు లాగేసింది" అన్నారు.

నా చేతిలో గరిటె పులుసులో పడింది.

తరవాత తెలిసింది, రాజకుమారి అంటే లారీ. అద్దానికి పైన, నుదుటి బోర్డు మీద పచ్చటి అక్షరాలతో ఆ పేరు రాసి ఉంటుందట. ఆ లైన్లో డ్రైవర్లందరూ బండిని పేరు పెట్టే పిలుస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. కృత్తివెన్ను చెరువుల చేపలు కలకత్తా దాకా తోలేది ఈయన, పేరు మాత్రం ఓనరు శివరామయ్య గారిది. అందుకే పాతదైనా సరే, ఉగాదికల్లా సొంత బండి బంటుమిల్లిలో మన గుమ్మం ముందు ఉండాలని పట్టుబట్టారు. నేనూ దణ్ణాలు పెట్టుకుంటున్నాను.

అన్నం తింటూ ఇంకో మాట చెప్పారు. రాజకుమారి అంటే ఆ లారీ ఓనరు కూడానట. ఆడమనిషి. మొగుడు ఇంకెవర్తినో చూసుకుని పోతే బండి ఈమెకి మిగిలిందట. ఈసారి "రాజకుమారి గారు" అన్నారు. కాఫీ ఇచ్చిందట. కాఫీ బాగుందట.

పెళ్ళయి మూడేళ్ళు. నా పేరు ఆయన నోటి నుంచి ఒక్కసారీ రాలేదు. "ఇదిగో", "ఏమోయ్", "వింటున్నావా". అంతే. నేను ఆయన పేరు పలకను. రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు, ఇక్కడ ఎవరూ చూడకపోయినా. నేను ఆడదాన్ని కాబట్టి సరే. మొగవాళ్ళకేం అడ్డం?

ఈ ఇంటికొచ్చిన రోజు మా ఆడపడుచు సువర్ణ వదిన గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, పేర్లు చెప్తే గానీ లోపలికి రానివ్వనంది. అందరి ఇళ్ళల్లో ఉండే సరదాయే. ఆయన సిగ్గుపడి "మేమిద్దరం వచ్చాం" అన్నారు. అలా కుదరదంది. నా వంతు వచ్చింది. పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. అంతలో చినుకులు మొదలయ్యాయి. అత్తయ్య "పట్టుబట్టలు తడిసిపోతాయి, రానివ్వవే" అని వదిన చెయ్యి లాగేసింది. నేను కుడికాలు పెట్టి లోపలికొచ్చాను. పేర్లు బయటే ఉండిపోయాయి.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఇవాళ కూడా గుడివాడే. వచ్చాక టీ ఇస్తే, "ఇంట్లో కాఫీపొడి లేదా?" అన్నారు.

మూడేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

రెండు రోజుల నుంచి ఒకటే పాట. రాజకుమారిని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లేపినా ఒక్క సెల్ఫుకే లేస్తుందట. రాజకుమారి ఆయిల్ మూత తీసి అరచెయ్యి పెడితే పొగ తన్నలేదట, అంటే లోపల అరగలేదని అర్థమట. రాజకుమారి పొగ కూడా నల్లగా ఉండదట, సాంబ్రాణి వేసినట్టు లేతగా వచ్చి పోతుందట. గేరుబాక్సు పోయినేడే విప్పి చేయించారట. "రాజకుమారి గారే దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని చేయించారు. పళ్ళచక్రాలు ఒక్కోటీ కిరసనాయిల్లో కడిగించి, చూసి, అప్పుడు ఎక్కించనిచ్చారంట. అలాంటి ఆడది కోటికొక్కరుంటారు" అన్నారు.

అత్తయ్య విస్తరాకులు కుడుతూ, "అయితే అమ్మేదెందుకంట అంత మంచిదాన్ని?" అంది.

"బండి మోత వినలేకపోతున్నానందమ్మా."

"బండి అమ్ముకుని మొగుణ్ణి ఎత్తుకుపోయే రకం కాదు కదా, చూసుకో" అని అత్తయ్య నవ్వింది. ఆయనా నవ్వారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. రాళ్ళు లేవు.

ఆయన నా వైపు తిరిగి, "ఆదివారం నువ్వూ రావాలి. నీ చెవి పడితే గానీ నేను మాటివ్వను" అన్నారు.

ఇది ఒక్కటే ఈ ఇంట్లో నాకున్న గొప్ప. నాగాయలంకలో మా నాన్నకి ఇంజను పడవ ఉండేది. వేటకి వెళ్ళిన పడవ కనపడకముందే మోత వినపడుతుంది. ఒడ్డున ఆడవాళ్ళందరికీ ఎవరి పడవ మోత వాళ్ళకి తెలుసు. నేను చిన్నప్పటి నుంచే అందరివీ చెప్పేదాన్ని. "అది పెదనాన్నది, ఆయిలు తక్కువైంది" అనేదాన్ని. పెళ్ళిచూపులకి ఈయన లారీలోనే వచ్చారు. తలెత్తలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు నేను. లారీ ఆగుతుంటే మాత్రం మా అమ్మ చెవిలో, "బెల్టు కూస్తోంది" అన్నాను. ఆయన విన్నారు. "అందరూ మొహం చూసి చేసుకుంటారు, నేను చెవి చూసి చేసుకున్నా" అని ఇప్పటికీ అంటారు.

అందుకని వెళ్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

వెళ్ళొచ్చాం.

ఆమెకి ముప్ఫై అయిదు ఉంటాయేమో. చామనఛాయ. నేత చీర. ఒక చేతికి గాజులు, ఒక చేతికి మొగవాళ్ళు పెట్టుకునే లాంటి వాచీ. నిటారుగా నిలబడి మొగవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. పేరు చివర గారు తగిలించింది, కాదనను. కానీ పిలిచింది. తలుపు తీస్తూ ఒకసారి, కాఫీ ఇస్తూ ఒకసారి, తాళం ఇస్తూ ఒకసారి. నేను మూడేళ్ళుగా నాలిక చివర దాచుకున్న మాట ఆమె మంచినీళ్ళు తాగినట్టు అనేసింది.

కాఫీలో చక్కెర ఎంత అని ఆయన్ని అడగలేదు. తెలుసు కాబోలు.

ఆయన బండెక్కి రోడ్డు చివరి దాకా తోలుకెళ్ళారు. నేను గేటు దగ్గర కళ్ళు మూసుకుని విన్నాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది.

"చెవి గల అమ్మాయివి నువ్వేనా?" అంది.

తల ఊపాను.

"నేనూ అంతే. ఈ బండి ముదినేపల్లి రోడ్డెక్కితే ఇక్కడ నాకు తెలిసేది" అంది.

బండి తిరిగొస్తోంది. ఒకటి, రెండు, మూడు. మూడో గేరు పడ్డప్పుడు మా నాన్న పడవ గుర్తొచ్చింది. వల నిండి, నీళ్ళలో బాగా దిగి, తొందరేమీ లేకుండా ఇంటికొచ్చే పడవ మోత. నా ఒళ్ళు పులకరించింది. ఎందుకు రాస్తున్నానో ఇది.

ఆయన దిగారు. ఆమె చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అందించి, మళ్ళీ పేరు పెట్టి, "ఎలా ఉంది?" అంది.

"మీ రాజకుమారికి తిరుగులేదండీ" అన్నారు ఆయన. ఆమె మొహంలోకి చూసే అన్నారు. లారీ వాళ్ళ వెనక ఉంది.

అప్పుడు నా వైపు తిరిగి, "ఇదిగో, నువ్వేమంటావ్?" అన్నారు.

ఆమెకి రాజకుమారి, నాకు ఇదిగో.

"మూడో గేర్లో మూలుగుతోంది" అన్నాను.

ఆయన నుదురు ముడిపడింది. "మూలుగుతోందా? నాకేం తెలియలేదే." ఆమె మాత్రం నన్నే చూస్తూ, నెమ్మదిగా, "నీకు వినపడిందామ్మా?" అంది. వినపడిందన్నాను.

"మా వాళ్ళ చెవి తప్పదండీ. ఏమనుకోకండి" అని ఆయన తాళం తిరిగి ఇచ్చేశారు.

బస్సెక్కి వచ్చేశాం. నేను అబద్ధం చెప్పలేదు. మూలిగినట్టు అనిపించింది. అనిపిస్తే చెప్పొద్దా?

ఫిబ్రవరి 26, సోమవారం

మూలిగింది.

మార్చి 3, శనివారం

ఆయన రాజకుమారి మాట ఎత్తి ఆరు రోజులైంది. నాకు సంతోషంగా ఉండాలి.

కూని రాగాలు మానేశారు. గుడివాడ బస్సు హారన్ వినపడితే తల తిప్పుతారు. అన్నంలో వేలు తిప్పుతూ, "మూడో గేరొక్కటే కదా, మళ్ళీ విప్పి చేయిస్తే?" అన్నారు. మళ్ళీ ఆయనే, "వద్దులే. తెలిసి తెలిసి జబ్బుదాన్ని ఎవరు తెచ్చుకుంటారు" అన్నారు.

పేరు నోటితో అనకపోతే లోపల అనుకోరని ఏముంది? బయటికి అన్నప్పుడే నయం, ఎన్నిసార్లో తెలిసేది.

బందరులో గోవర్ధనరావు అని లారీల బ్రోకరు ఉన్నాడు. అతని దగ్గర ఒక బండి ఉందట. దాని నుదుటి మీద "అమ్మ దీవెన" అని ఉంటుందట. అది చూడమన్నాను. అమ్మ పేరైతే ఎవరికి బాధ?

మార్చి 8, గురువారం

కోటయ్య కొట్టు నుంచి పిల్లాణ్ణి పంపారు, ఆయనకి ఫోనొచ్చిందని. ఆయన చెరువుల దగ్గరున్నారు. నేను వెళ్ళాను. ఫోను ఎత్తి ఏమనాలో తెలియక ఊరుకున్నాను.

అటు నుంచి ఆయన పేరు వినపడింది. గారుతో సహా. గొంతు గుర్తుపట్టాను.

"ఆయన లేరండీ" అన్నాను.

"ఓ, చెవి గల అమ్మాయా! నువ్వన్నప్పట్నుంచీ రోజూ స్టార్ట్ చేయించి వింటున్నానమ్మా. మూడో గేర్లోనూ విన్నా, నాలుగులోనూ విన్నా. ఆ మూలుగు నాకు దొరకడం లేదు."

కోటయ్య బెల్లం కొడుతూ నన్నే చూస్తున్నాడు.

"సర్లే. కైకలూరు వాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారు. మీ ఆయన చేతిలో పెడితే బండి బాగుంటుందని నాకనిపించింది. ఆ మనిషి బానెట్ తెరిచే ముందు చేతులు కడుక్కున్నాడు. ఉగాది దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానని చెప్పు. చెప్తావుగా?"

"చెప్తానండీ" అన్నాను.

సాయంత్రం ఆయన వచ్చారు. స్నానానికి నీళ్ళు తోడాను. చేపల పులుసు వేడి చేశాను. ఫోను సంగతి చెప్పాలనుకుంటూనే మర్చిపోయాను.

మా ఆయన చేతులు కడుక్కున్నాడని ఆమె చూసిందట. ఆమెకెందుకు?

మార్చి 9, శుక్రవారం

మళ్ళీ మర్చిపోయాను.

మార్చి 11, ఆదివారం

బందరు వెళ్ళాం. గోవర్ధనరావు పెద్ద బొట్టు పెట్టుకుని, ప్రతి మాటకీ తమ్ముడూ అంటాడు.

"చూడు తమ్ముడూ, పెళ్ళికూతురు! రంగు చూడు, టైర్లు చూడు. మనూళ్ళో నేను చూపించిన సంబంధం ఏదైనా చెడిందా?"

"రంగు నిన్నటిదిలాగుంది" అన్నారు ఆయన, డోరు మీద గోరుతో గీకి.

"పెళ్ళికి ముందు పసుపు రాయరా తమ్ముడూ? ఇదీ అంతే!"

ఇంజను స్టార్ట్ చేశారు. పరవాలేదు, కొంచెం ఆయాసం ఉంది. గేరు వేసి వీధి చుట్టూ తిప్పారు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఏ చప్పుడూ లేదు. గేర్లు పడుతున్నాయి, మారుతున్నాయి, మోత లేదు. పాత బండికి ఉండాల్సిన మాటా లేదు. నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడుతున్న మనిషిలా ఉంది. ఇలాంటిది నేను ఎప్పుడూ వినలేదు.

ఎప్పుడూ విననిది చెడ్డదని ఎలా చెప్తాను? చప్పుడు లేకపోవడం మంచిదే కదా. అందరూ చప్పుడు లేదనే కదా కొనుక్కుంటారు.

"ఏమంటావ్?" అన్నారు ఆయన.

"బాగానే ఉంది."

"బాగానే ఉందా, బాగుందా?"

నా మొహంలోకే చూశారు. గుడివాడలో ఆమె మొహంలోకి చూసినట్టు. ఎంత బాగుంది అలా చూస్తుంటే.

"బాగుంది" అన్నాను.

ఆయన తల పంకించారు. "ఖాళీ బండి అందరికీ మంచిదే. లోడులోనే బుద్ధి తెలుస్తుంది. బుధవారం ఇసక లోడుతో కాలవ గట్టు ఎక్కించి చూస్తాను. ఎక్కితే అక్కడే మాటిచ్చేస్తాను" అన్నారు. గోవర్ధనరావు నవ్వి, "నీ ఇష్టం తమ్ముడూ, కొండెక్కిస్తావా?" అన్నాడు.

ఆమె బండి ఉగాది దాకా ఆగుతుందట. ఆగనీ.

మార్చి 13, మంగళవారం

రేపటి కోసం ఆయన గళ్ళ చొక్కా ఉతికాను. జేబులో కాఫీపొడి పొట్లం. ఇంటి కోసమే తెచ్చి ఇవ్వడం మర్చిపోయారట. ఆయన కూడా మర్చిపోతారు మరి.

మార్చి 14, బుధవారం

రాయగలనో లేదో.

బందరు దాటాక కాలవ గట్టు మీదికి దారి ఎక్కే చోట. లారీ నిండా ఇసక. గోవర్ధనరావు మనిషి తోలుతున్నాడు. ఎక్కేటప్పుడు పొగ ఎలా వస్తుందో, వెనక ఇరుసు దగ్గర మోతేమైనా ఉందో చూద్దామని ఆయన దిగి లారీ వెనకే వంగి నడుస్తున్నారు. నేను పక్కన తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డాను. గోవర్ధనరావు "ఎక్కేసింది తమ్ముడూ, ఎక్కేసింది" అని అరుస్తున్నాడు.

నాకు ఒక చప్పుడు వినపడింది. గొళ్ళెం జారినట్టు, చిన్నగా, టక్ అని. లారీ ఇంకా ముందుకే వెళ్తోంది. ఎవరికీ ఏమీ తెలియదు. నాకు తెలుసు, గేరు జారిపోయిందని.

నేను ఆయన పేరు పెట్టి అరిచాను.

గారు లేదు, అండీ లేదు. ఉత్త పేరు. ఇంత గొంతు నాకుందని నాకే తెలియదు. కాలవలో బాతులు లేచిపోయాయి. ఆయన ఉలిక్కిపడి తలెత్తి, ఎవరు పిలిచారా అని నా వైపు ఒక అడుగు వేశారు. అంతలో లారీ వెనక్కి జారింది. వాడు బ్రేకు తొక్కాడు, అది పట్టుకునేలోపు ఆయన వంగి నిలబడ్డ చోటు మీదుగా వెనక టైర్లు దిగిపోయాయి. ఒక చెప్పు దాని కింద ఉండిపోయింది.

గోవర్ధనరావు "డ్రైవరు కొత్తోడు తమ్ముడూ" అన్నాడు. ఆయన చేతులు కడుక్కుని, లారీని చదునైన చోటికి తీయించి, గేరుబాక్సు అడుగున బిరడా విప్పారు. కారిన ఆయిల్ వేళ్ళ మధ్య నలిపి నాకు చూపించారు. రంపప్పొట్టు. అరిగిపోయిన పళ్ళచక్రాలు మోత చెయ్యకుండా కలుపుతారట.

"పాత ఓనరు పనయ్యుంటుంది, నాకేం తెలుసు" అంటున్నాడు గోవర్ధనరావు. మేము ఆగలేదు. ఒంటి చెప్పుతో బస్సెక్కారు ఆయన.

టిక్కెట్లు తీసుకున్నాక, "నా పేరు నీకు తెలుసన్నమాట" అన్నారు.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపు ఆగలేదు.

"అదీ గారు లేకుండా. బందరు మొత్తం వినుంటుంది."

ఇంకాసేపటికి, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "గుడివాడ నుంచి ఫోనొచ్చిందంటగా. నిన్న కోటయ్య చెప్పాడు."

"తెలిసీ ఇవాళ ఇక్కడికి ఎందుకొచ్చారు?"

"నువ్వు బాగుందన్నావు కదా."

అంతే అన్నారు. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉన్నా బాగుండేది.

పెడన దాటాక, "గుడివాడ బండి ఇంకోసారి విందామా?" అన్నారు.

"విందాం."

"ఈసారీ మూలిగితే?"

"మూలగదు" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. కాలికి చెప్పు లేదు కదా, బస్సు కుదిపినప్పుడల్లా ఆ కాలు నా చెప్పు మీద పెట్టుకున్నారు.

మార్చి 15, గురువారం

గొళ్ళెం వేసినప్పుడల్లా ఆ టక్ వినపడుతోంది. తలుపులు తీసే ఉంచాను.

మార్చి 18, ఆదివారం

గుడివాడ. ఆయన లారీ కింద దూరి చూసుకుంటున్నారు. ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది. పాలు పొయ్యి మీద పెట్టి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఇవాళ విన్నావా? మూలిగిందా?"

"లేదండీ."

"మూలిగింది గేరు కాదులేమ్మా. ఆ రోజే తెలుసు నాకు. నేనూ అలా మూలిగినదాన్నే."

నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆమె మాత్రం అటకల వైపు చూస్తూ మామూలుగా చెప్పుకుపోయింది.

"బండి మీద నా పేరు రాయించిన రోజు వీధంతా లడ్డూలు పంచానమ్మాయ్. నా అంతటి ఆడది లేదనుకున్నా. తరవాత ఆ బండి ముదినేపల్లి అవతల ఒకరింటి ముందు ఆగడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్ళు పనిగట్టుకుని వచ్చి నాకు చెప్పేవాళ్ళు. ‘అమ్మా, ఫలానా చోట నీ పేరు కనపడింది’ అని. నేనిక్కడ, నా పేరేమో దాని గుమ్మం ముందు కాపలా."

పాలు పొంగాయి. గబుక్కున దించింది.

"మీరు కొన్నాక ముందు ఆ పేరు చెరిపించెయ్యండి. ఇంకేదైనా రాయించుకో."

నాకు ఆమె మీద జాలి కలిగింది. నిజంగానే కలిగింది. అప్పుడు ఆమె ఆయన గ్లాసులో రెండు చెంచాల చక్కెర వేసింది. నేను చెంచాన్నర వేస్తాను. ఆయన రెండు తాగుతారని నాకెప్పుడూ చెప్పలేదు.

బేరం కుదిరిపోయింది. ఉగాది నాడు బండి తెచ్చుకోవడానికి రమ్మంది. ఆయన మొహం చూడాలి! పెళ్ళిలో కూడా అలా వెలగలేదు.

మార్చి 24, శనివారం

ఆయన పెయింటరు దగ్గరికి వెళ్ళొచ్చి అన్నారు.

"నీ పేరు చాలా పొడుగంట. నుదుటి బోర్డు మీద పట్టదంటున్నాడు. మల్లి అని రాయమంటావా?"

నా చేతిలో చేట ఆగిపోయింది. అంటే పెయింటరుకి చెప్పారు. అక్షరం అక్షరం చెప్పి ఉంటారు, పట్టదని వాడు లెక్క వేశాడంటే. మూడేళ్ళు నాకు చెప్పని పేరు, రంగు డబ్బాల మధ్య కూర్చున్న వాడికి చెప్పారు.

"ఏమని చెప్పారు?" అన్నాను.

"ఏం చెప్తాను, నీ పేరే."

"అదే, ఏమని?"

ఆయన నవ్వి లుంగీ ఎగ్గట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళి, "ఏమీ రాయించకండి. నా పేరు కలకత్తా దాకా తిరగక్కర్లేదు. ఇంట్లో ఉంటే చాలు" అన్నాను.

చేద బావిలోనే వదిలేసి నా వైపు చూశారు. సరేనన్నట్టు తల ఊపారు. పండగయ్యాక పాత పేరు చెరిపి, రంగు వేసి, ఖాళీగా ఉంచమని చెప్తారట.

మార్చి 26, సోమవారం. ఉగాది

పొద్దున్నే ఇద్దరం గుడివాడ వెళ్ళాం. ఆమె కొబ్బరికాయ కొట్టి, తాళం నా చేతిలో పెట్టింది, ఆయన చేతిలో కాదు. బండి కదలగానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు వెనకే నిలబడి ఉంటుంది. మూడో గేరు పడి, మలుపు తిరిగి, ఇంకేమీ వినపడని దాకా నిలబడే ఉంటుంది. నేనైనా అంతే.

మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. ఇంజను వేడి కాళ్ళకి తగులుతోంది. గేరు మార్చినప్పుడల్లా ఆయన "ఎలా ఉంది?" అని అడిగారు. బాగుందని ప్రతిసారీ చెప్పాను. బాగుంది. మూలగలేదు. మా నాన్న పడవే.

మా వీధి మలుపు తిరిగేసరికి పామిడిముక్కల నుంచి పండక్కొచ్చిన సువర్ణ వదిన రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో పసుపునీళ్ళ పళ్ళెం. వెనక అత్తయ్య, కోటయ్య, వీధిలో సగం మంది. ఆయన హారన్ కొట్టారు. వదిన కదల్లేదు.

"దిగండి, దిగండి. ఆ రోజు వానొచ్చి తప్పించుకున్నారు. ఇవాళ ఆకాశంలో మబ్బు ముక్క లేదు. పేర్లు చెప్తే గానీ బండి కదలదు" అంది.

"అక్కా, అందరూ చూస్తున్నారే" అన్నారు ఆయన.

"చూడ్డానికే వచ్చారు. చెప్పు, ఎవరెవరు వచ్చారు?"

ఆయన దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నేల చూసి, నన్ను చూసి, బండి నుదుటి వైపు చూశారు. పచ్చ అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి. గొంతు సవరించుకున్నారు.

"నేనూ, నాగమల్లేశ్వరీ, రాజకుమారీ వచ్చాం."

వీధంతా గొల్లున నవ్వింది. అత్తయ్య పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా చెవుల్లో నా పేరు మోగుతోంది. ఎంత పొడుగు పేరు! మొత్తం చెప్పారు, ఒక్క అక్షరం మింగలేదు. కానీ దాని తోక పట్టుకుని ఇంకోటి వచ్చింది కదా. పండగ పూట, గుమ్మంలో, నాతో సమానంగా.

"ఊఁ, ఇంక నీ వంతు మరదలా" అంది వదిన. "ఇవాళ కూడా పెదాలు కదిపి ఊరుకుంటే కుదరదు. నీ గొంతు సంగతి బందరు వాళ్ళు చెప్పారు."

నేను బండి మెట్టు దిగి ఆయన పక్కన నిలబడ్డాను. తల దించలేదు.

"నేనూ, యలమంద గారూ వచ్చాం" అన్నాను.

అందరికీ వినపడింది. ఆయనకి చెవుల దాకా ఎర్రబడింది. వదిన పళ్ళెం ఎత్తబోయి ఆగి, నుదుటి బోర్డు వైపు కళ్ళతో చూపిస్తూ, "మరి మూడోది?" అంది.

"బండి కూడా వచ్చింది" అన్నాను.